ఐదో అంతస్తులో కుక్కపిల్ల: మూత్రం ఎక్కడ పోయాలో దానికి ఎలా నేర్పాలి?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను, ఇదే ఇబ్బంది పడుతున్న ఇతరులకూ పనికొస్తుంది. మీది రెండున్నర నెలల ఆడ లాబ్రడార్ పిల్ల. 45 రోజుల వయసులో తెచ్చుకున్నారు. హైదరాబాదులో ఐదో అంతస్తు ఫ్లాటు. మీరు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తారు, ఇంట్లో అత్తగారు ఉంటారు. రెండో టీకా అయింది, మూడోది పడేదాకా కింద తిప్పవద్దని డాక్టరు చెప్పారు. వార్తాపత్రికలు పరిచారు, మూత్రం పీల్చుకునే ప్యాడ్లు కొన్నారు. ఒకరోజు వాటి మీద పోస్తుంది, మర్నాడు పూజగది ముందున్న కాళ్లు తుడుచుకునే పట్ట మీద పోస్తుంది. ముక్కు దానిలో రుద్ది, పత్రిక చుట్టి ఒకటి వేస్తే తెలుస్తుందని ఎవరో చెబితే అదీ చేశారు. ఇప్పుడు ఎవరూ చూడకుండా సోఫా వెనక్కి వెళ్లి పోస్తోంది. బాల్కనీలో పోయిస్తే కింది ఇంటివారు గొడవకు వచ్చారు.

మీ పిల్ల మొండిది కాదు, మందబుద్ధిదీ కాదు. చాలా ఏళ్లుగా ఫ్లాట్లలో కుక్కపిల్లలు పెంచుకునేవారికి నేర్పే పనిలో ఉన్నాను కాబట్టి గట్టిగానే చెప్పగలను: అది నేర్చుకోవాల్సింది నేర్చుకుంది. మనుషులం గది, మూల, తలుపు అని చోటును గుర్తుపెట్టుకుంటాం. కుక్కపిల్ల ఎక్కువగా పాదాలతోనూ ముక్కుతోనూ గుర్తుపెట్టుకుంటుంది. ప్యాడ్ మెత్తగా ఉంటుంది, తడి పీల్చుకుంటుంది. మీ పూజగది ముందు పట్ట కూడా అంతే. బాత్రూం ముందు పట్ట, అత్తగారు పరుచుకునే బొంత, సోఫా కింద రగ్గు, అన్నీ అంతే. నున్నటి టైల్స్ మీద పోస్తే కాళ్లకు చిమ్ముతుంది, జారుతుంది. అందుకే ఇల్లంతా తిరిగి మెత్తటిది ఎక్కడుందో వెతుక్కుంటుంది. మీరు ప్యాడ్ ఇచ్చి నేర్పిన పాఠాన్నే అది పట్ట మీద అప్పజెబుతోంది.

దీని వెనుక కారణం ఉంది. పుట్టిన మొదటి వారాల్లో తల్లి నాకితేనే పిల్లకు మూత్రం వస్తుంది, శుభ్రం చేసేదీ తల్లే. మూడో వారం దాటాక పిల్ల తనంతట తానే పడుకున్న చోటు వదిలి పక్కకు వెళ్లి పోయడం మొదలుపెడుతుంది. ఎనిమిది, తొమ్మిది వారాలకల్లా ఎలాంటి నేల మీద పోయాలన్న ఇష్టం స్థిరపడుతూ వస్తుంది. పెరట్లో పుట్టిన పిల్లకు అది మట్టి, గడ్డి. చిన్న బోనులో చింపిన కాగితాల మీద పెరిగిన పిల్లకు కాగితం. పడుకునే చోటే పోయక తప్పని స్థితిలో పెరిగితే, శుభ్రంగా ఉండాలన్న సహజమైన కోరికే దెబ్బతింటుంది. ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల్లో ఉంది. అయినా 45 రోజులకే ఇచ్చేయడం మన దగ్గర మామూలైపోయింది. తల్లి దగ్గర ఉండి తోబుట్టువులతో కలిసి నేర్చుకోవాల్సిన ఆ పదిరోజుల పాఠం ఇప్పుడు మీ మీద పడింది. మీ తప్పేమీ లేదు, కాకపోతే పని కొంచెం పెరిగింది.

కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది ఒకటే. జీవితాంతం ఇది ఏ నేల మీద పోయాలని మీరు కోరుకుంటున్నారు? గడ్డి, మట్టి అయితే ఈరోజు నుంచే దాని పాదాలకు గడ్డి తగలాలి. ముందు ప్యాడ్ నేర్పి, తర్వాత దాన్ని మాన్పించి, ఆ తర్వాత కింద గడ్డి నేర్పడం అంటే ఒక పనిని మూడుసార్లు చెయ్యడం.

మీ ఫ్లాటులో వంటింటి పక్కన వాష్ ఏరియా ఉందని రాశారు. అంతకన్నా మంచి చోటు దొరకదు. నేల వాలుగా ఉంటుంది, నీళ్లు పోయే జాలి ఉంటుంది, కుళాయి పక్కనే ఉంటుంది. గిన్నెలు తోమే చోటు అదే అయితే ఒక పక్కకు జరిపి, మధ్యలో చిన్న అడ్డం పెట్టుకోండి. అంచులు తక్కువగా ఉన్న వెడల్పాటి ప్లాస్టిక్ ట్రే ఒకటి, దాని మీద పరిచే ప్లాస్టిక్ గడ్డి చాప ఒకటి తీసుకోండి. పిల్ల పూర్తిగా నిలబడి ఒక చుట్టు తిరిగేంత పెద్దదిగా ఉండాలి, లాబ్రడార్ వారం వారం పెరుగుతుంది. మీ కుండీల్లో మొలిచిన గడ్డి ఉంటే ఇంకా మంచిది, దాన్నే ట్రేలోకి మార్చండి. రోడ్డు పక్క నుంచో పార్కు నుంచో మట్టి మాత్రం తేవద్దు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, టీకాలు పూర్తికాని పిల్లను రోజుల్లో తీసుకుపోతుంది. బయట తిరిగిన చెప్పులు కూడా గుమ్మం అవతలే వదలండి. ప్లాస్టిక్ గడ్డిని కొరికి మింగే అలవాటు లాబ్రడార్లకు ఎక్కువ, అందుకే ట్రే దగ్గర పిల్లను ఒంటరిగా వదలవద్దు.

ట్రే పెట్టిన రోజే ఇంట్లో ఉన్న పట్టలు, రగ్గులు, కింద పరిచే బొంతలు అన్నీ ఎత్తేయండి. కొన్ని వారాల పాటు ఇల్లంతా బోసిగా కనిపిస్తుంది, ఫరవాలేదు. మెత్తటి చోటు ఇంట్లో రెండే ఉండాలి: ఒకటి దాని పడక, రెండోది ఆ గడ్డి.

బాల్కనీ విషయం. అక్కడ కడిగిన నీళ్లు వాన నీటి గొట్టం గుండా వెళ్లి కింది ఇంటివారి బట్టల మీద పడే భవనాలు చాలా ఉన్నాయి. వారి కోపం న్యాయమైనదే. బాల్కనీలో పోయించడం పూర్తిగా మానేసి, ఆ మాట మీరే వెళ్లి వారికి చెప్పండి. పెంపుడు జంతువు ఉన్న ఇంటికి అపార్ట్‌మెంటులో కింది ఇంటివారి సహనం చాలా అవసరం. పైగా గ్రిల్ సందుల్లోంచి ఈ వయసు పిల్ల తల దూరుతుంది.

ఇక వేళలు. కుక్కపిల్ల ఎంతసేపు ఆపుకోగలదో ఒక మోటు లెక్క ఉంది: నెలల వయసుకు ఒకటి కలిపితే అన్ని గంటలు. మీ పిల్లకు మూడు గంటలకు కొంచెం పైన. కానీ అది నిద్రలోనో, కదలకుండా పడుకున్నప్పుడో వర్తించే లెక్క. మేలుకుని ఆడుతున్న పిల్లకు అరగంట, ముప్పావు గంట కూడా ఎక్కువే. నిద్ర లేవగానే, తిన్న ఐదు నిమిషాల నుంచి అరగంటలోపు, నీళ్లు తాగిన కాసేపటికి, ఆట మధ్యలో, ఆట అయ్యాక, పడుకోబోయే ముందు గడ్డి మీదికి తీసుకువెళ్లాలి. కడుపులో ఆహారం పడగానే పేగు కదలడం సహజం, కాబట్టి తిన్న తర్వాతి సమయాన్ని అస్సలు వదులుకోవద్దు. ఈ వేళల్లో అది అడిగేదాకా ఆగకండి. అడగడం దానికి ఇంకా తెలియదు.

అయితే కొన్ని సూచనలు ఇస్తుంది. ఆడుతూ ఆడుతూ బొమ్మ వదిలేసి, ముక్కు నేలకు ఆనించి నడుస్తుంది. ఒకచోట గుండ్రంగా తిరుగుతుంది. ఉన్నట్టుండి పక్క గదిలోకి వెళ్తుంది. ఆ క్షణంలో ఎత్తుకుని ట్రే దగ్గరికి తీసుకువెళ్లండి. చేతుల్లో ఉన్నప్పుడు చాలా పిల్లలు పోయవు.

ఇది కనిపెట్టాలంటే అది మీ కంటి ముందు ఉండాలి. మూడు పడకగదుల ఇల్లు రెండున్నర నెలల పిల్లకు ఒక ఊరంత. తాను తిని పడుకునే హాలు దానికి ఇల్లు, చివరి పడకగది దానికి ఇంటి బయట. అందుకే అక్కడికి వెళ్లి పోయడం దాని లెక్కలో శుభ్రమైన పనే. తలుపులన్నీ మూసి ఒక్క గదిలో ఉంచండి. మీరు కంప్యూటర్ ముందు కూర్చునే వేళల్లో పలుచని తాడు ఒకటి దాని బెల్టుకు కట్టి, రెండో కొస మీ నడుముకో కుర్చీకో కట్టుకోండి. అది లేచిన వెంటనే మీకు తెలుస్తుంది. చూడటం కుదరని సమయాల్లో చిన్న కంచెలోనో, నిలబడి, తిరిగి, కాళ్లు చాపి పడుకోవడానికి సరిపోయే బోనులోనో ఉంచవచ్చు, అదీ కాసేపు మాత్రమే. బాత్రూంలో పెట్టి గడియ వేయడం వద్దు. అక్కడ తన మూత్రం పక్కనే పడుకోవడం నేర్చుకుందంటే మనం మొదటికన్నా వెనక్కి వెళ్తాం. రెండు వారాలు ఒక గదిలో పొరపాటు జరగకపోతే ఇంకో గది తెరవండి. తెరిచిన గదిలో ముందు కొన్ని పూటలు దాని గిన్నె పెట్టి తినిపించండి. తిన్న చోటును అది ఇంటిగా లెక్కిస్తుంది.

కొట్టడం గురించి మీరు అడగలేదు, కానీ నేను అన్నిటికన్నా ఎక్కువగా చెప్పదలచుకున్నది ఇదే. జరిగిన పనికీ వచ్చిన ఫలితానికీ మధ్య ఒకటి రెండు క్షణాలకు మించి ఎడం ఉంటే కుక్క ఆ రెండింటినీ కలపలేదు. మీరు పట్ట తడిసింది చూసి, దాన్ని వెతికి, తెచ్చి, ముక్కు రుద్దేసరికి ఆ పని దాని మనసులో లేదు. దానికి అందిన పాఠం వేరు: మనుషులు ఉన్నప్పుడు మూత్రం కనిపిస్తే ప్రమాదం. ఇక మనుషులు చూస్తుండగా పోయకూడదని నిర్ణయించుకుంటుంది. సోఫా వెనక్కి వెళ్లేది అందుకే. మీరు తిట్టినప్పుడు తల దించి, చెవులు వెనక్కి వాల్చి, కళ్లు తిప్పుకుంటుందే, దాన్ని చాలామంది తప్పు తెలుసుకుందని అనుకుంటారు. అది భయం. మీ ముఖం, గొంతు చూసి ప్రాధేయపడుతోంది.

దీని అసలు నష్టం ఇంకో రెండు నెలలకు తెలుస్తుంది. దండనకు భయపడ్డ పిల్లను తాడు కట్టి కిందికి తీసుకువెళ్తే, మీరు పక్కనే నిలబడి ఉన్నారు కాబట్టి పోయదు. అరగంట తిప్పుతారు. పోయదు. పైకి తెచ్చి తాడు విప్పగానే మంచం కిందికి దూరి పోస్తుంది. పగ తీర్చుకుంటోందని ఇంట్లోవాళ్లు అంటారు, ఇంకా కొడతారు. ఇలా ముడిపడ్డ కుక్కలను నేను చాలా చూశాను, ఆ ముడి విప్పడం కుక్కకూ మనిషికీ కష్టం. మీ పిల్ల ఇంకా చిన్నది. ఈరోజు మానేస్తే అది మరచిపోతుంది.

పోస్తుండగా మీ కంట పడితే ఏం చెయ్యాలి? చప్పట్లు చిన్నగా చరచండి లేదా పేరు పిలవండి. ఆపుతుంది. ఎత్తుకుని గడ్డి మీద దించండి. అక్కడ మిగిలిన నాలుగు చుక్కలు పోసినా మెచ్చుకోండి. అప్పటికే అయిపోయి ఉంటే మాట్లాడకుండా తుడిచెయ్యండి.

మెచ్చుకోవడం కూడా వేళకు జరగాలి. పిల్ల గడ్డి మీద ముగించి కాలు కదిపే క్షణానికి తినుబండారం దాని నోటి దగ్గర ఉండాలి. వంటింట్లోకి వెళ్లి డబ్బా తెరిచి తెస్తే, వంటింట్లోకి పరుగెత్తినందుకు బహుమతి ఇచ్చినట్టవుతుంది. గోరంత ఉడికించిన కోడిమాంసం, ఇంట్లో శాకాహారమైతే పనీర్ ముక్కో ఉడికించిన క్యారెట్టో చేతిలోనే ఉంచుకుని నిలబడండి. పోయడం మొదలుపెట్టగానే మెల్లగా ఒక మాట అనండి, "ఒంటికి" అనో మరొకటో. ఇంట్లో అందరూ అదే మాట అనాలి. కొన్ని వారాలకు ఆ మాట వినగానే పోయడం అలవాటవుతుంది. వాన కురుస్తున్న రాత్రి లిఫ్టు దిగి నిలబడ్డప్పుడు ఆ ఒక్క మాట ఎంత విలువైనదో మీకు తెలుస్తుంది.

తుడవడంలో మన ఇళ్లలో జరిగే పొరపాటు ఫినాయిల్. మన ముక్కుకు మూత్రం వాసన పోయినట్టు అనిపిస్తుంది, దాని ముక్కుకు రెండు వాసనలూ విడివిడిగా తెలుస్తూనే ఉంటాయి. నల్ల ఫినాయిల్‌లోని పదార్థాలు పాదాలు నాకే కుక్కపిల్లకు హాని కూడా. అమ్మోనియా ఉన్న క్లీనర్లు మూత్రం వాసననే గుర్తుచేస్తాయి. ముందు పాతగుడ్డతో పూర్తిగా అద్ది, నీళ్లతో తుడిచి, మూత్రాన్ని విడగొట్టి వాసన పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ (పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతుంది) పోసి పదిపదిహేను నిమిషాలు తడిగా వదిలెయ్యండి. టైల్స్ మధ్య గీతల్లోకి మూత్రం ఇంకుతుంది, అక్కడ క్లీనర్ ఎక్కువగా పోయండి. ఎంజైమ్ క్లీనర్ లేని రోజు తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి వాడవచ్చు, గ్రానైట్, పాలరాయి మీద మాత్రం వద్దు, మెరుపు పోతుంది. ట్రేను అప్పుడప్పుడు బ్లీచ్‌తో కడగాలనుకుంటే మూత్రాన్ని ముందు నీళ్లతో కడిగేయాలి. మూత్రంలోని అమ్మోనియా, బ్లీచ్ కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే వాయువు వస్తుంది. ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి 30 వంతుల నీళ్లు చాలు. పది నిమిషాలు ఉంచి, బాగా కడిగి ఆరబెట్టండి. అయితే ట్రే గడ్డి మీద కొద్దిగా పాత వాసన ఉండటం మంచిదే, అది పిల్లకు దారి చూపిస్తుంది. రోజూ మెరిసేలా తోమకండి.

మీ అత్తగారి బాధను తేలిగ్గా తీసుకోవద్దు. దీపం పెట్టుకునే చోట తడిసిన పట్ట కనిపిస్తే ఎవరికైనా మనసు కష్టంగా ఉంటుంది. పూజగది వైపు ఒక చిన్న గేటు బిగించండి. అక్కడికి పిల్ల వెళ్లే అవకాశమే లేకపోతే సగం గొడవ తీరిపోతుంది. ఆవిడ తెల్లవారుజామున లేస్తారని రాశారు. పిల్ల కూడా అప్పుడే లేస్తుంది. ఇష్టపడితే ఆ మొదటి వేళ ఆవిడకే అప్పగించండి, ఎత్తుకోనక్కర లేదు, తలుపు తీసి "ఒంటికి" అంటే చాలు. ఇంకో మాట: ఎవరైనా వంగి తల నిమరబోతే నేలకు అంటుకుపోయి చుక్కలు పోస్తుంటే అది అలవాటుకు సంబంధించింది కాదు, భయంతోనో ఉత్సాహంతోనో జరిగేది. పక్కకు తిరిగి కూర్చుని, దాన్నే దగ్గరికి రానివ్వండి. వయసుతో చాలావరకు తగ్గిపోతుంది.

తిండి వేళకు పెట్టండి, ఈ వయసుకు రోజుకు నాలుగుసార్లు. పావుగంటలో తినకపోతే గిన్నె తీసెయ్యండి. రోజంతా గిన్నె నిండుగా ఉంటే ఎప్పుడు వెళ్తుందో ఎవరూ చెప్పలేరు. పాలు మానేయండి, చాలా పిల్లలకు విరేచనాలు అవుతాయి. నీళ్లకు మాత్రం అడ్డం పెట్టవద్దు. పడుకోబోయే ముందు గంటసేపు గిన్నె తీయవచ్చు, మన ఎండాకాలంలో అదీ వద్దు.

రాత్రి పడక మీ మంచం పక్కనే ఉంచండి. దూరంగా ఉంటే అది కదిలినట్టు మీకు తెలియదు. అది కుయ్యిమన్నప్పుడు దీపాలు వెయ్యకుండా, ఆడించకుండా ట్రే దాకా తీసుకువెళ్లి తెచ్చి పడుకోబెట్టండి.

కింది నేల గురించి. డాక్టరు సరే అనేదాకా దాన్ని నేల మీద దించవద్దు కానీ ఎత్తుకుని రోజూ కిందికి తీసుకువెళ్లండి. ఈ వయసులో చూసినవి, విన్నవి దానికి జీవితాంతం మామూలైపోతాయి. లిఫ్టు తలుపు చప్పుడు, సెల్లారులో బండ్ల మోత, వాచ్‌మన్ విజిల్, ఇవన్నీ ఇప్పుడు పరిచయం కాకపోతే రేపు వీటి మధ్య నిలబడి పోయడానికి భయపడుతుంది. అనుమతి వచ్చిన రోజున, నిద్ర లేచిన వెంటనే ఎత్తుకునే లిఫ్టులో దిగండి. దారిలో నడిపిస్తే లిఫ్టులోనే అయిపోతుంది. ట్రే నుంచి ఒక గడ్డి ముక్కో, దాన్ని తుడిచిన కాగితమో తెచ్చి మీరు ఎంచుకున్న చోట పెట్టండి. తాడు పొట్టిగా పట్టుకుని కదలకుండా నిలబడండి. ఆ మాట అనండి. ఐదు నిమిషాలు చూడండి. పోస్తే మెచ్చుకుని, అప్పుడు తిప్పండి. పోసిన వెంటనే పైకి తెచ్చేస్తే, పోస్తే షికారు అయిపోతుందని అర్థం చేసుకుని ఆపుకోవడం మొదలుపెడుతుంది. పోయకపోతే పైకి తెచ్చి ఒళ్లో ఉంచుకుని పావుగంట తర్వాత మళ్లీ దిగండి. ఆ పావుగంట ఇంట్లో వదలవద్దు. ఎండాకాలంలో సిమెంటు నేల మీద మీ అరచేతి వెనుక భాగం ఆనించి చూసుకోండి, మీకు కాలితే దానికీ కాలుతుంది.

వాష్ ఏరియాలో ట్రే తర్వాత కూడా ఉంచుకోవచ్చు. దీపావళి టపాసుల రోజుల్లో, కరెంటు లేక లిఫ్టు ఆగినప్పుడు అక్కరకొస్తుంది. రెండుచోట్లా గడ్డే కాబట్టి దానికి తికమక ఉండదు.

లిఫ్టులో కుక్కను ఎక్కించవద్దని మీ అసోసియేషన్‌లో ఒకరు అన్నారని రాశారు. పెంపుడు కుక్కలను లిఫ్టుల నుంచి నిషేధించే అధికారం నివాసుల సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. ఆ కాగితం దగ్గర ఉంచుకోండి, కానీ దానికన్నా ముందు చేతిలో సంచీ, నీళ్ల సీసా ఉంచుకోండి. మలం ఎత్తకుండా వదిలేసిన ఒక్కరి వల్ల పెంచుకునేవారందరికీ మాట వస్తుంది. కుక్కను పెంచుకోవడానికి నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) ఇచ్చే లైసెన్సుకు రేబిస్ టీకా ధ్రువపత్రం అడుగుతారు, ఆ టీకా మూడు నెలలకు పడుతుంది, అప్పుడే ఆ పనీ చేసేయండి.

పది నిమిషాలకోసారి కూర్చుని రెండు చుక్కలే పోస్తున్నా, పోసేటప్పుడు మూలిగినా, ఎర్రగా వచ్చినా ఇవన్నీ పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆడపిల్లల్లో మూత్రనాళ ఇన్ఫెక్షన్ తరచుగా వస్తుంది, శిక్షణతో అది తగ్గదు. వాంతులు, రక్త విరేచనాలు కనిపిస్తే తెల్లవారేదాకా కూడా ఆగవద్దు.

ఎన్నాళ్లు పడుతుందని అడిగారు. చాలా పిల్లలు నాలుగు నుంచి ఆరు నెలల వయసు మధ్య దారికి వస్తాయి, పూర్తిగా నమ్మకం కుదరడానికి ఇంకొంత కాలం పట్టవచ్చు. మధ్యలో ఒక వారం అంతా పాడైపోయినట్టు అనిపిస్తుంది, అది అందరికీ జరుగుతుంది. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి వారం రోజులు తిన్న సమయం, పోసిన సమయం, చోటు రాయండి. మీ పిల్ల వేళలు వాటంతటవే బయటపడతాయి. అవి ఇక్కడ రాస్తే, ఏ వేళ మార్చాలో చూసి చెబుతాను.